పెరుగు సాక్ష్యం

ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారంటే, వసారాలో చేట ముందేసుకుని కందికాయలు ఒలుస్తున్న నాయనమ్మ సీతారావమ్మ, వంటింట్లో అమ్మ, పొగాకు తోట నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న నాన్న, ఒకప్పుడు వడ్లు పోసుకున్న గాదె గదిలో తన గాజుసామాను మధ్య సునంద అత్త, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని మంచం మీద పడుకున్న తమ్ముడు బుజ్జులు, వంటింటి తలుపు వెనక హైమ. కొత్తవాళ్ళెవరొచ్చినా హైమ ఉండే చోటు అదే. పదో తరగతికి వచ్చినా ఆ అలవాటు పోలేదు. ‘దీనికి నోరెప్పుడు మొలుస్తుందో’ అని నాయనమ్మ వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చెబుతుంటుంది.

వీళ్ళు కాక ఇంకొక మనిషి ఉన్నాడు. పేరు మురళీకృష్ణ. హైదరాబాదు కంపెనీ పంపితే వచ్చాడు. బూట్లు గుమ్మం బయట విప్పి, రెండూ ఒక తీరుగా పెట్టి, వసారాలో కుర్చీ చూపించినదాకా నిలబడే ఉన్నాడు. కాజాల డబ్బా ఒకటి తెచ్చి నాయనమ్మ చేతికిచ్చాడు. అంత మర్యాద చూసి ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది.

“కాఫీ ఇవ్వు వదినా,” అంది అత్త వంటింటి వైపు తలపెట్టి. గొంతు తగ్గించి ఇంకో మాట చేర్చింది. “మజ్జిగ మాత్రం వద్దు.”

అమ్మ కాఫీ కలిపింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు మొదలుపెట్టాడు.

“మీరింకా తిప్పుతున్నారని మాకు తెలిసింది మేడమ్.”

“ఏం తిప్పుతున్నాం?”

“గిన్నెలు.”

నాన్న కండువాతో కాళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. “గిన్నె ఇంటింటికీ తిరగని ఊరు ఎక్కడన్నా ఉందా ఏందండీ. చారు మిగిలితే పక్కింటికి పోద్ది. వాళ్ళ పచ్చడి మా ఇంటికొచ్చుద్ది.”

“నేనూ మా ఆఫీసులో అదే అన్నాను,” అన్నాడాయన నవ్వుతూ. “చారుతో మాకు పేచీ లేదండీ. పెరుగుతోనే.”

వస్తువుకే కాకుండా, దాన్ని అమ్మే తీరుకి కూడా పేటెంటు ఇవ్వడం మొదలై అప్పటికి చాలా ఏళ్ళయింది. మొదట్లో జనం నవ్వుకున్నారు. తర్వాత కూరగాయలకి కొసరు వేసే పద్ధతి ఒకడిదయింది. బోణీ బేరానికి ధర తగ్గించే పద్ధతి ఇంకొకడిదయింది. ఒంగోలు బజారులో పొద్దున్నే ఎవరైనా బోణీ మాటెత్తితే, కొట్టువాడు అటూ ఇటూ చూసి, వేళ్ళతో ధర చెప్పేవాడు. చిన్నమల్లవరం లాంటి ఊళ్ళకి ఆ గోల రాదని అందరూ అనుకున్నారు. ఇక్కడ పేటెంటు తీసుకోదగ్గ తెలివి ఎవరికుందని.

అది సునందకుంది. ఆ తెలివైనా ఆవిడకి ఆ వసారాలోనే పుట్టింది.

వాగు పొంగిన ఏడు ఊరిని పేగు జ్వరం పట్టింది. పెద్దవాళ్ళు తేరుకున్నారు. పిల్లల్లో కొందరికి జ్వరం పోయింది గానీ కడుపు నిలవలేదు. ఏది తిన్నా తిన్నట్టే పోయేది. బుజ్జులుకి అప్పుడు మూడేళ్ళు. పక్కింటి కోటేశ్వరి పెద్దమ్మ కూతురు లిఖితకీ అదే జబ్బు. హైమతోపాటు చదివే ఆ పిల్ల, పుస్తకం పట్టుకోవడానికి కూడా ఓపిక లేక, బడి అరుగు మీద తల వాల్చి పడుకునేది. కంపెనీ అమ్మే పొడి పొట్లాలు నీళ్ళలో కలుపుకుని తాగితే చాలామందికి గుణమిచ్చేది. లిఖితకి ఇచ్చింది, కొనగలిగినన్నాళ్ళు. బుజ్జులుకి ఎంత తాగించినా పనిచేయలేదు.

సునంద ఆ కంపెనీ ప్రయోగశాలలోనే పనిచేసేది. సెలవు మీద వచ్చి మేనల్లుడి చేయి పట్టుకుని చూసింది. ఆ చేయి చూశాక మళ్ళీ వెళ్ళలేదు. గాదె గది కడిగించి, సున్నం వేయించి, తన డబ్బుతో కొన్న సామానంతా అందులో సర్దింది. ‘పెళ్ళి సామాను కొనుక్కోవాల్సిన డబ్బులు’ అని నాయనమ్మ ఏడ్చింది.

ఆవిడ తయారు చేసింది చూడ్డానికి మామూలు తోడు. పాలల్లో ఒక చుక్క వేస్తే పెరుగు పేరుకుంటుంది. కానీ అందులోని క్రిములు నేర్చుకుంటాయి. ఏ ఇంట్లో తోడేస్తే ఆ ఇంటి పాలతో, ఆ ఇంటి నీళ్ళతో, ఆ ఇల్లాలి చేతి వేళ్ళతో సావాసం చేసి, అక్కడున్న చెడ్డ క్రిముల్ని ఎలా అణచాలో తెలుసుకుంటాయి. ఒక ఇంట్లో నేర్చింది ఇంకో ఇంటికి వెళ్ళి చెబుతాయి. ఊరంతా తిరిగొచ్చిన తోడుతో పెరుగు వేసి పెడితే బుజ్జులు కడుపు నిలిచింది. అదే తోడుని ఇల్లు కదలనివ్వకుండా వారం ఉంచితే మొద్దుబారిపోయేది. పెరుగు కమ్మగానే ఉండేది, పిల్లాడు మాత్రం మళ్ళీ మంచమెక్కేవాడు.

ఇక దాన్ని ఊరంతా తిప్పడమెట్లా? అందుకు అత్త కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేకపోయింది. ఆ ఊళ్ళో ఎవరి గిన్నెనీ ఖాళీగా తిరిగివ్వరు. పంచదారో, పచ్చిమిరపకాయలో, ఏమీ లేకపోతే గుప్పెడు బియ్యమో వేసి ఇస్తారు. పొద్దున్నే తోడుకని వచ్చిన గిన్నె, మర్నాడు వాళ్ళింటి పెరుగు ఒక చెంచాతో తిరిగొచ్చేది. అత్త వాటన్నిటినీ ఒక కుండలో కలిపి, మంచిది చూసి, మళ్ళీ అందరికీ పంచేది. పక్కూళ్ళ వాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టాక ఒక నియమం పెట్టింది. గిన్నెలో మీ పెరుగు వేసి తెస్తే తోడు ఊరికే. ఖాళీ గిన్నె తెస్తే డబ్బులు.

“ఇదేం వ్యాపారమే,” అంది అమ్మ. “అందరూ పెరుగేసుకొచ్చేవాళ్ళే. మనకి మిగిలేదేంది?”

“పెరుగే మిగులుతుంది వదినా,” అంది అత్త.

ఆ రోజుల్లో హైమకి గాదె గది కంటే ఇష్టమైన చోటు లేదు. అక్కడ ఒక చారల పలక ఉండేది, కంపెనీ ప్రయోగశాలలో వాడేలాంటిదే. అరచేయంత గాజు. దాని మీద పెరుగు చుక్క వేసి కాసేపాగితే రంగు చారలు తేలేవి. ఆ పెరుగు ఏయే ఇళ్ళలో తిరిగిందో అన్ని చారలు. ఇంటికొక రంగు. బడిలో టీచరు పేరు పిలిస్తే కూడా పలకడానికి తడబడే పిల్ల, ఆ పలక ముందు మాత్రం గబగబా మాట్లాడేది.

“చెప్పు, ఇవాళ ఎవరెవరొచ్చారు?” అనేది అత్త.

“ఈ ఇటికరాయి రంగుది కోటేశ్వరి పెద్దమ్మ వాళ్ళు. పక్కన సన్నగా ఉన్నది మేస్త్రి వాళ్ళు. వాళ్ళు గేదెపాలు మానేసినట్టున్నారు అత్తా, చార పలచబడింది.”

“గేదె వట్టిపోయిందంట. మీ నాయనమ్మ చెప్పింది.”

“నాయనమ్మ చెప్పకముందే పెరుగు చెప్పింది,” అని హైమ నవ్వేది.

తర్వాత నోటీసు వచ్చింది. వాడుకునేవాళ్ళ దగ్గర నుంచి సరుకులో కొంత తిరిగి తీసుకుని, దానితో సరుకుని మెరుగుచేసి, మళ్ళీ వాళ్ళకే ఇచ్చే పద్ధతి తమదని కంపెనీ అంటోంది. అత్త ఒంగోలు వెళ్ళి లాయరుని కలిసింది. తరతరాలుగా మా ఊళ్ళో చేస్తున్నదే కదా అంది. ‘చేశారమ్మా, నేను కాదనను. ఎక్కడన్నా రాసుందా?’ అన్నాడట లాయరు. ‘వాళ్ళు రాశారు. తేలేదాకా ఆపెయ్యండి. తేలడానికి చాలా కాలం పడుతుంది.’

పక్కూళ్ళకి ఆపేశారు. సొంత ఊళ్ళో ఆపితే బుజ్జులు ఏమవుతాడు? అందుకని ఊళ్ళో గిన్నెలు దొడ్డిదారిన, పైట కొంగుల కింద తిరిగేవి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు మురళీకృష్ణ ఆ మాటే అడుగుతున్నాడు.

“పక్కూళ్ళకి ఆపారు సరే. ఈ ఊళ్ళో?”

అత్త నేల వైపు చూసింది. “లాయరు గారు జవాబు రాశారు. అందులో ఉన్నదే నా మాట.”

“మేడమ్, మీతో కోర్టులో కలబడాలని నాకు లేదు. అసలు ఆ పేటెంటు కాగితంలో, కనిపెట్టినవాళ్ళ వరుసలో మీ పేరు కూడా ఉంది. మూడోది. మీరు చూశారో లేదో.”

అత్త చూడలేదని హైమకి తలుపు సందులోంచి తెలిసిపోయింది. అత్త చెవులు ఎర్రబడ్డాయి.

“నేనెప్పుడు కనిపెట్టాను?”

“ఒక మీటింగులో చెప్పారట కదా. మా అమ్మ ఏ గిన్నే ఖాళీగా పంపదు, మనం కూడా అట్లా చేస్తే ఈ మందు మొద్దుబారదు అని. అప్పుడు మీ పైవాళ్ళు వద్దన్నారు. పొట్లం అమ్ముకుంటే పోయేదానికి ఈ తిప్పలెందుకన్నారు. వద్దన్నారే గానీ రాసి పెట్టుకున్నారు. ఉద్యోగంలో చేరేటప్పుడు మీరు సంతకం చేశారుగా, అక్కడుండగా వచ్చిన ఆలోచనలన్నీ వాళ్ళవేనని.”

నాయనమ్మ కందికాయ ఒలవడం ఆపింది. “నా గిన్నెలో నేను పెరుగేసి పంపితే అది వాళ్ళదెట్టా అయిద్ది నాయనా? వాళ్ళు పుట్టకముందు నుంచీ నేను పంపుతుంటిని.”

“మీరు రాయలేదు కదమ్మా.”

“నాకు రాయడం వస్తే గదా.”

ఆయన మంచం మీద బుజ్జులుని కాసేపు చూశాడు. “మా అబ్బాయికీ ఇంతే ఉంటుంది వయసు. వాడికీ కడుపు బాగోదు. మా పొట్లాలే వాడతాం. ఒక చిన్న గిన్నెడు పెరుగు ఇవ్వగలరా?”

“ఇవ్వలేను,” అంది అత్త. “మీరెందుకడుగుతున్నారో నాకు తెలుసు.”

“మీరట్లా అనుకోవడంలో తప్పులేదు,” అని లేచాడు. అత్త గాదె గదిలోకి వెళ్ళి లాయరుకి ఫోను కలిపింది. నాన్న ఆయన్ని సాగనంపడానికి వాకిట్లోకి నడిచాడు. గుమ్మం దిగిన మనిషి వెనక్కి తిరిగి, “అమ్మా, ఆ డబ్బా మా ఆవిడది. స్టీలు సామాను పోతే ఊరుకోదు. కాజాలు తీసుకుని డబ్బా ఇప్పిస్తే,” అన్నాడు కొంచెం సిగ్గుపడుతున్నట్టు.

ఏ ఇంట్లోనైనా జరిగేదే ఆ ఇంట్లోనూ జరిగింది. అమ్మ కాజాలు పళ్ళెంలోకి ఒంపింది. డబ్బా తుడిచింది. తుడిచిన డబ్బా పట్టుకుని పంచదార సీసా కోసం చెయ్యి చాపింది. సీసాలో అడుగున చెంచాడు మిగిలింది.

“కారులో వచ్చినోడికి చెంచాడు పంచదార ఏం పంపుతావే,” అని నాయనమ్మ వసారా నుంచి లేచొచ్చింది. “పిల్లోడికి కడుపు బాగోదని నోరు తెరిచి అడిగాడు గదా. నీ ఆడబిడ్డకి చదువెక్కువై జాలి తగ్గింది. ఇటియ్యి.”

“వద్దన్నది గదా అత్తయ్యా.”

“మజ్జిగ వద్దంది. ఇది మజ్జిగా?”

అమ్మ ఒక్క క్షణం గాదె గది వైపు చూసింది. లోపల అత్త ఫోనులో గట్టిగా మాట్లాడుతోంది. నాయనమ్మ అప్పటికే ఉట్టి కుండలోంచి మీగడతో సహా తీసి డబ్బాలో వేసింది. మూత నొక్కి హైమ చేతిలో పెట్టింది. “ఉరుకు. కారెక్కుతున్నాడు.”

హైమ పరుగెత్తింది. కారు కిటికీ దగ్గర డబ్బా చాపి నిలబడింది. ఆయన డబ్బా అందుకోగానే బరువు తెలిసి ఆగాడు. మూత తీయలేదు. తీయకుండానే చాలాసేపు దాని వంక చూశాడు.

“మా అమ్మ కూడా ఖాళీ డబ్బా పంపదమ్మా,” అన్నాడు చివరికి. తర్వాత దాన్ని పక్క సీటు మీద పెట్టి, ఒలకకుండా సంచి ఆనించాడు. ఆయన ముఖంలో సంతోషం కనబడలేదు. అందువల్లే హైమకి అనుమానం రాలేదు.

సంగతి తెలిసి అత్త గాదె గదిలో పలక ముందు కూర్చుని, అదే ఉట్టి కుండలోంచి ఒక చుక్క తీసి వేసింది. చారలు తేలాయి. ఒకదాని పక్కన ఒకటి, దగ్గరదగ్గరగా, ఊళ్ళో ఇళ్ళలాగే. హైమ చదవబోతే, “చదవకు,” అంది.

కంపెనీ వాళ్ళు చదివారు.

చారల్లో ఒక్కో రంగు ఒక్కో ఇంటిది. ఏ రంగు ఏ ఇంటిదో తెలుసుకోవడానికి వాళ్ళకి ఎక్కువ కష్టం కాలేదు. పాలకేంద్రంలో ఇంటింటి పాలు రోజూ వస్తూనే ఉంటాయి, వాటితో పోల్చి చూసుకున్నారు. నోటీసు వచ్చాక కూడా ఏయే ఇళ్ళలో గిన్నె తిరిగిందో ఇంటి పేర్లతో సహా తేల్చి, గిన్నె ముట్టుకున్న ప్రతి ఇంటికీ ఒక కాగితం పంపారు. కాగితం కింద ఆ ఇంటి చార అచ్చేసి ఉంది. తమ ఇంటికి ఒక రంగు ఉందన్న సంగతి ఊరివాళ్ళకి తెలిసింది అప్పుడే.

పాలకేంద్రం ముందు జనం చేరారు. కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి రెండు దారులున్నాయని చెప్పింది. ఇక మీదట పెరుగూ తోడూ ఇల్లు దాటించబోమని సంతకం పెడితే, కడుపు జబ్బున్న ఇంటికి ఏడాది పొడుగునా పొట్లాలు ఊరికే ఇస్తారు. వారానికొకసారి వచ్చి పెరుగు చుక్క పలక మీద వేసి చూసుకుంటారు. వేరే ఇంటి చార కనబడితే ఆ రెండిళ్ళకీ పొట్లాలు ఆగిపోతాయి. సంతకం పెట్టకపోతే కోర్టు.

“మా పెరుగు మా మీదే సాక్ష్యం చెప్పిందన్నమాట,” అన్నాడు మేస్త్రి. కొందరు నవ్వారు.

“చెప్పకేం చేసుద్ది. చదువుకున్న పెరుగు గదా,” అంది వెనక నుంచి ఒకామె.

“సునందమ్మా, నువ్వు కనిపెట్టింది మందనుకున్నాం. మొగుడి జేబులు వెతికే పెళ్ళాం లాంటిదని చెప్పలేదే,” అన్నారింకెవరో.

అత్త లేచి నిలబడింది. “అందరం పెట్టకపోతే ఊరి మొత్తాన్నీ కోర్టుకి లాగలేరు. పది ఊళ్ళల్లో ఈ అలవాటుంది. మనది మనం చేసుకున్నాం. నాలుగు నెలలు ఓపిక పట్టండి, లాయరు గారు…”

“నాలుగు నెలలు మా పిల్ల ఓపిక పట్టుద్దా?” అంది కోటేశ్వరి పెద్దమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు. “నీ తోడుతోనే లేచి కూర్చుందమ్మా లిఖిత, నేను కాదనను. దానికి పొట్లం కూడా పనిచేసుద్ది. ఊరికే ఇస్తానంటుంటే కోర్టుకెట్టా పోమంటావు? నీ మేనల్లుడికి పనిచేయదని నా కూతురికి మానిపించమంటావా?”

హైమ జనం చివర ఉంది. పెద్దమ్మా, ఆ తోడుకి మీ ఇల్లు కూడా నేర్పింది కదా, మీ ఇంట్లో నేర్చిందే మా వాడిని నిలబెట్టింది కదా అని చెప్పాలనిపించింది. అంతలో ఎవరో, “డబ్బా మోసుకెళ్ళి ఇచ్చింది ఆ పిల్లే,” అన్నారు. అందరూ తిరిగి చూశారు. హైమ తల దించుకుంది.

సంతకాలు మొదలయ్యాయి. వరుస చివర్లో నాన్న కూడా నిలబడ్డాడు.

“అన్నయ్యా,” అంది అత్త.

“పొలం మీద కేసు పడితే మనం తట్టుకోలేంరా,” అన్నాడు నాన్న, చెల్లెలి వైపు చూడకుండా. “ఊరంతా పెట్టాక మనమొక్కళ్ళం మిగిలి ఏం చేస్తాం. గిన్నె ఎవరింటికి పంపుతావు?”

సంతకం పెట్టి వచ్చాడు.

మరుసటి వారం కంపెనీ మనుషులు కోర్టు కాగితంతో వచ్చి చారల పలకనీ, ఉమ్మడి కుండనీ తీసుకుపోయారు. ఒకతను కుండ జాగ్రత్తగా గడ్డిలో పెట్టి కట్టాడు. ‘జాగ్రత్త నాయనా, పాతకుండ,’ అని నాయనమ్మ అతనికి చెప్పింది. తర్వాత వసారాలోకి వచ్చి కూర్చుని, ఆ పూట అన్నం తినలేదు.

ఇంటి పెరుగు ఇంట్లోనే మిగిలింది. కొన్నాళ్ళు బాగానే పనిచేసింది. తర్వాత బుజ్జులు ఆడుకోవడం మానేశాడు. తర్వాత గుమ్మం దాటడం మానేశాడు. అన్నం ముద్ద పెడితే నమిలి, మింగకుండా చెంపలో దాచుకునేవాడు. అమ్మ బతిమాలేది, కసిరేది, మళ్ళీ బతిమాలేది.

“మింగితే నొప్పొస్తది అమ్మా,” అనేవాడు వాడు, చాలా సర్దిచెబుతున్నట్టు.

అత్త హైదరాబాదు వెళ్ళింది. ఒక్క పిల్లాడి కోసం, డబ్బు తీసుకోకుండా, రెండిళ్ళ మధ్య తోడు తిప్పుకోవడానికి అనుమతి అడిగింది. దరఖాస్తు పెట్టమన్నారట. పెట్టింది. కమిటీ కూర్చున్నప్పుడు చూస్తారట. మురళీకృష్ణ మెట్ల మీద ఎదురయ్యాడని తిరిగొచ్చి చెప్పింది. ‘వాళ్ళబ్బాయి ఎట్లా ఉన్నాడు?’ అని నాయనమ్మ అడిగింది. ఆ సమయంలో ఆ ప్రశ్నేమిటని అమ్మ విసుక్కుంది. అత్త మాత్రం, “అడగలేదమ్మా. అడగాల్సింది,” అంది.

ఆ మధ్యాహ్నం బుజ్జులు మంచినీళ్ళు కూడా నిలుపుకోలేదు. ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోవడానికి నాన్న ఆటో కోసం వెళ్ళాడు. అక్కడిచ్చేది కూడా అవే పొట్లాలని అందరికీ తెలుసు. అత్త వాడి పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుని, తనలో తాను అనుకుంటున్నట్టు అంది. “ఎవరింటి పెరుగైనా చాలు. ఒక్క చెంచా. మన ఇంటిది కాకపోతే చాలు. దానికి తెలిసింది దీనికి తెలియదు. ఆసుపత్రి దాకా నిలుస్తాడు.”

అమ్మ తల ఎత్తలేదు. నాయనమ్మ లేవబోయి, మోకాళ్ళు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. ఊళ్ళో అందరి ఇళ్ళకీ పోయి అందరికీ పెట్టిన మనిషి, ఇప్పుడు అడగడానికి ముఖం చెల్లక అట్లా కూర్చుందని హైమకి అర్థమైంది.

హైమ దొడ్డిదారిన బయటికి నడిచింది. గిన్నె తీసుకోలేదు. నాన్న సంతకం పెట్టిన కాగితంలో గిన్నె అని ఉంది, పాత్ర అని ఉంది. చెయ్యి అని లేదు. పక్కింటి వంటింటి తలుపు ఓరగా తీసి ఉంది. కోటేశ్వరి పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ వెనక, పీట మీద, లిఖిత పెరుగన్నం తింటోంది. చెంపలు నిండి ఉన్నాయి. జడ కూడా మునుపటిలా పెరిగింది.

“ఏందమ్మా?” అంది పెద్దమ్మ.

హైమ నోరు తెరిచింది. మొదటి మాట బయటికొచ్చేసరికి మిగతావి వాటంతటవే వచ్చాయి. “బుజ్జులుకి నీళ్ళు కూడా నిలవడం లేదు పెద్దమ్మా. నాన్న ఆటోకి పోయాడు. మీ పెరుగు ఒక్క చెంచా కావాలి. మా కుండలో వెయ్యం, తోడు పెట్టం. తీసుకుపోయి వాడి నోట్లోనే పెడతా. పలక మీద మీ చార ఎక్కడా పడదు. గిన్నె కూడా తేలేదు చూడు. అరచేతిలో వెయ్యి. దోవలో ఎవరన్నా అడిగితే నేను తింటున్నానని చెబుతా.”

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం పెద్దమ్మ వినలేదు. చాపిన అరచెయ్యి వంక చూసింది. కళ్ళు తుడుచుకుంది.

“ఉండు,” అంది. ఉట్టి వైపు తిరిగి ఒక అడుగు వేసింది.

“అమ్మా, వద్దు.”

లిఖిత పీట మీద నుంచి లేచింది. “వాడి నోట్లో పెడతానంటుంది. మూతి తుడిచిన గుడ్డ వాళ్ళ కుండకి తగిలితే? వాళ్ళ నాయనమ్మ ఆ చెయ్యే ఉట్టిలో పెడితే? పలక మీద పడితే నాకు పొట్లాలు ఆపేస్తారు.”

“ఒక్క చెంచానే,” అంది పెద్దమ్మ.

“నువ్వు పడుకోలేదమ్మా ఆ బడి అరుగు మీద. నేను పడుకున్నాను.”

పెద్దమ్మ ఉట్టి కింద నిలబడిపోయింది. కూతురి వంక చూసింది, గుమ్మం వంక చూసింది. ఎటూ అడుగు వెయ్యలేదు.

లిఖిత గుమ్మం దగ్గరికి వచ్చింది. కుడిచేతికి పెరుగన్నం అంటి ఉంది. దాన్ని వెనక్కి, హైమకి అందనంత దూరంగా పెట్టుకుంది. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న పిల్లలు. హైమ చెయ్యి ఇంకా చాపే ఉంది.

“నీ మీద కోపం లేదు హైమా,” అంది లిఖిత. ఎడంచేత్తో తలుపు వేసేసింది.